ఉమామహేశ్వర్లు ఫిర్యాదు

ఉదయం తొమ్మిదిన్నరకు ఉమామహేశ్వర్లు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోలీస్ స్టేషన్‌కు బయలుదేరాడు. గుమ్మంలో భార్య కోటిరత్నం అడ్డం నిలబడింది.

“స్టేషన్ మాటొద్దండీ. ఇది పోతే ఇంకో వ్యాపారం చూసుకుందాం. మార్కాపురంలో మా అన్న బియ్యం దుకాణంలో కూర్చోమంటానే ఉన్నాడు కదా.”

“పద్దెనిమిదేండ్లు సినిమాను నమ్ముకున్నోణ్ని. ఇప్పుడు పోయి బియ్యం తూకమెయ్యమంటావా?”

లోపల కూతురు సింధు నీళ్లచెంబుకు ఫోన్ ఆనించి, ఇడ్లీ తింటూ సినిమా చూస్తోంది. నిన్న విడుదలైన సినిమా. హీరో అప్పుడే ఒంటి చేత్తో బస్సును ఆపుతున్నాడు.

“ఏంది తల్లీ అది?”

“లింకు వచ్చింది నాయనా. ఫ్రీ.”

“నన్నడిగితే నేను చూపియ్యనా?”

“నీ దగ్గరైతే మధ్యాహ్నం దాకా ఆగాల.”

పరాయివాళ్లు చేస్తే కోపం వస్తుంది. కన్నకూతురు చేస్తే ఏం రావాలో ఉమామహేశ్వర్లుకు తెలియలేదు. చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచాడు.

గిద్దలూరు బాగా ముందుకు పోయింది. కంతుల్లో కొన్న ఫోను లేని చేయి కనబడటం లేదు. చెవుల్లో రెండు వేల రూపాయల ఇయర్‌ఫోన్లు, ఇంట్లో గోడంత టీవీ. వాటన్నింటికీ జనం కళ్లు మూసుకుని డబ్బు కడతారు. వాటిలో చూసే సినిమాకు పది నోటు తీయమంటే మాత్రం ధరలు మండిపోతున్నాయని బాధపడతారు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. శుక్రవారం వచ్చిందంటే రాచర్ల నుంచి ఆటోల్లో, కొమరోలు నుంచి బస్సుల్లో జనం దిగి నేరుగా ఉమామహేశ్వర్లు దగ్గరికే వచ్చేవాళ్లు. పెద్ద హీరో అయినా చిన్న హీరో అయినా ఆయన దగ్గర ఒకటే రేటు. మొదటిరోజు కదా అని రూపాయి ఎక్కువ అడిగిన పాపాన పోలేదు.

దారిలో మాలకొండయ్య టీ కొట్టు. అక్కడి టీవీలో కూడా అదే సినిమా నడుస్తోంది. హీరో ఇక్కడ ఇంకా బస్సు దాకా రాలేదు.

“మాలకొండన్నా, శుక్రవారమొస్తే నా దగ్గరికొచ్చే మొదటి మనిషివి. నువ్వు గూడా ఇట్ల చేస్తే ఎట్ల?”

“అప్పుడు వేరే దారి లేక వచ్చినాను శెట్టీ. ఇది చూడు, అద్దం లెక్క ఉంది. నీ దగ్గరైతే డైలాగు కంటే దగ్గులే ఎక్కువ వినపడ్తాయి. మంచి ఫైటు టయానికి ఎవడో లేచి తలకాయ అడ్డం పెడ్తాడు.”

“పదిమందిలో చూస్తే ఆ మాత్రం ఉండదా?”

“అందుకే ఒక్కణ్నే చూసుకుంటాండా,” అని మాలకొండయ్య శబ్దం పెంచాడు.

ఉమామహేశ్వర్లు టీ తాగకుండానే స్టేషన్‌కు చేరాడు.

ఎస్సై స్టెల్లా, రైటర్ నరసింహులు ఇద్దరూ ఈ ఊరికి బదిలీ మీద వచ్చి నెల కాలేదు. మనిషిని చూడగానే నరసింహులు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, ఫోన్‌ను ఫైలు కిందికి తోశాడు. ఫైలు కింద నుంచి బస్సు హారన్ ఒకసారి మోగి ఆగింది. ఎస్సై వినపడనట్టు కూర్చుంది.

“చెప్పండి, ఏంటి సమస్య?” అని అడిగింది.

“నా సినిమాను దొంగిలిస్తాండారు మేడమ్. ప్రింటు తెప్పియ్యాలంటే హైదరాబాదులో ఎంతమందిని బతిమాలాల్నో మీకు తెలవదు. ముందే డబ్బు కట్టాల. సౌండు సరిగా లేకుంటే మళ్లా తెప్పియ్యాల. ఇంత చేసి జనం ముందర పెడితే, ఎవడో నా దగ్గర్నుంచే పట్టుకపోయి ఊరందరి ఫోన్లలోకి వదుల్తాండాడు. ఊరికే.”

“మీ దగ్గరి నుంచే పోయిందని ఎలా చెప్పగలరు?”

“బొమ్మ మొదట్లో ‘ఉమామహేశ్వర్లు, గిద్దలూరు’ అని నా పేరు పడ్తది. దాన్ని కోసేసినారు. కోసినోనికి చేతకాలేదు మేడమ్, ‘గిద్ద’ అని సగం ముక్క మిగిలిపోయినాది.”

స్టెల్లా ముందుకు వంగింది. పైరసీ గురించి శిక్షణలో రెండు రోజులు పాఠం విన్నది ఆమె. ఫిర్యాదు ఇచ్చే మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

“ఒకరి కష్టాన్ని ఇంకొకరు కాపీ కొట్టడం చిన్న నేరం కాదు. కోట్లు పోగొట్టుకున్న పెద్దవాళ్లే మనకెందుకని ఊరుకుంటున్నారు. మీరు ధైర్యంగా వచ్చారు. వదిలిపెట్టను,” అని టీ తెప్పించింది.

ఆ మాటకు ఉమామహేశ్వర్లు చేతులు జోడించాడు. ఆయన కష్టాన్ని కష్టమని ఒక ఆఫీసరు అనడం ఇన్నేళ్లలో ఎన్నడూ లేదు.

“పద్దెనిమిదేండ్లు మేడమ్. ఒక్క శుక్రవారం సెలవు తీసుకోలేదు. పెండ్లిరోజు గూడా తాళి కట్టి, మధ్యాహ్నానికంతా పనిలోకి వచ్చినాను. పక్కోని సొమ్ము ఊరికే చూసేవాళ్లకు ఆ కష్టం ఏం తెలుస్తాది?”

కళ్లు తుడుచుకున్నాడు. స్టెల్లా నీళ్ల సీసా ఆయన వైపు జరిపింది.

నరసింహులు కాగితం తీసి పేరు, తండ్రి పేరు, వయసు, వీధి పేరు రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ తల ఎత్తాడు.

“వృత్తి దగ్గర ఏం రాయమంటావు అన్నా? థియేటర్ ఓనరా, డిస్ట్రిబ్యూటరా?”

“అవేం కాదు సార్,” అన్నాడు ఉమామహేశ్వర్లు వీపు నిటారు చేసి, “సీడీల కాలం నుంచి ఈ పెన్‌డ్రైవుల దాకా, కొత్త బొమ్మ హాల్లో పడిన రోజే కాపీలు తీసి బస్టాండు పక్కన అమ్మేది నేనే.”