వినే చదువు

“ముప్పై ఆరిళ్లూ సరేనన్నాయి వదినా. నీదొకటే మిగిలింది,” అన్నాడు తిమ్మప్ప, గడప బయటే నిలబడి.

రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న పార్వతమ్మ తల ఎత్తింది. అతను ఈ గుమ్మం ముందుకు వచ్చి ఏడేళ్లయింది.

ఎమ్మిగనూరులోని ఆ నేతగాళ్ల వీధి వాళ్లు ఏటా శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దర్శనానికి స్పెషల్ బస్సు మాట్లాడుకుంటారు. అందుకని కూడబెట్టిన డబ్బు ఇంకో పనికి వాడాలంటే అన్ని ఇళ్లూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ముట్టుకోరు. ఈసారి దాంతో బెంగళూరు డాక్టరమ్మను పిలిపించాలని తిమ్మప్ప పట్టుబట్టాడు. చుట్టుపక్కల ఊళ్ల పెద్దమనుషులకు ఐదు రోజుల చదువు. మనసు చెదిరిన మనిషిని ఎలా గుర్తుపట్టాలి, పక్కన కూర్చుని ఎలా వినాలి, ఆసుపత్రికి ఎప్పుడు తీసుకుపోవాలి, అవన్నీ నేర్పుతారు. బస్సు లేదని తెలిసి వీధి పిల్లలు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

“నోరు మూసుకోని వినేది నేర్సుకోను మీ మగోళ్లకు ఐదు దినాలు సాల్తాయా?” అంది పార్వతమ్మ.

నవ్వుతూనే అంది. ఆ నవ్వుకు తిమ్మప్ప ఇంకా కుంచించుకుపోయాడు. ఈరన్న బస్సు మాన్పించేంత పట్టుదల ఎందుకని ఆమె అడిగేసరికి గడపలోనే కూలబడి, ఏడేళ్లుగా మింగుతున్నదంతా చెప్పేశాడు.

అప్పటికి అతని భార్య ఉచ్చీరమ్మ పోయి నెల. తిండీ నిద్రా వదిలి పనిలోనే పడి ఉండేవాడు. పార్వతమ్మ భర్త రంగప్ప వరసగా మూడు పొద్దులు వచ్చాడు. వీధిలో నూలు పడుగు పరిచి గంజి పట్టిస్తున్న తిమ్మప్ప పక్కన నిలబడి, ఏదో అనబోయి ఆగిపోయేవాడు. గంజి ఆరేలోగా కుంచెతో దువ్వకపోతే దారాలన్నీ అంటుకుపోతాయి. తిమ్మప్ప చెయ్యి ఆపలేదు. మూడో పొద్దు “సాయంత్రం రా” అన్నాడు. ఆ మాట మరిచిపోయి నూలు కోసం ఆదోని బస్సెక్కాడు. ఆ సాయంత్రమే రంగప్ప వీధి బావిలో పడి చనిపోయాడు. కాలు జారిందని పార్వతమ్మ చెప్పింది. వీధి నమ్మలేదు, తనే దూకాడనుకుంది. తిమ్మప్ప అసలే నమ్మలేదు.

“అన్న మనసులో బాధ సెప్పుకోను వచ్చినాడు వదినా. నాకు పడుగే ఎక్కువైపోయింది. ఒక్క గడియ కూసోని వినింటే బతికుండేటోడు.”

రాట్నం ఆగింది.

“నా ఇల్లూ ఒప్పుకునిందని రాసుకో. సదువు పెట్టించు,” అంది పార్వతమ్మ. చేతిలోని కండె పక్కన పెట్టింది. “ఆయప్పకు ఏ బాధా లేదు తిమ్మప్పా. కాలు జారింది నిజమే, నేను ఎనకాలే ఉండాను. బాయిలోకి ఎందుకు వంగినాడో మాత్రం ఎవురికీ సెప్పలే. నువ్వు తట్టుకోలేవని.”

“ఎందుకు వంగినాడు వదినా?” అన్నాడు తిమ్మప్ప.

“సాయంత్రం రమ్మంటివని వస్తే నువ్వు ఇంట్లో లేవు. నువ్వు దూకినావేమోనని తొంగి సూసినాడప్పా.”