కుర్చీ మీద తువ్వాలు

ఈ కథలో ఒక్క అబద్ధం దొర్లినా నా మీసం సగం గొరిగించుకుని బేతంచెర్ల బజారంతా తిరుగుతాను.

పంచాయతీ ఆఫీసు తాళం తీస్తున్న ఓబుళేశుకు ఆ రోజు ఈల వేయాలనిపించింది. కాసేపట్లో సభ. రోడ్డు పక్క పంచాయతీ జాగాను బండల పాలిష్ ఫ్యాక్టరీకి లీజుకిచ్చే తీర్మానం అతని జేబులోనే ఉంది. సర్పంచిగా ఉన్న అన్న నరసింహ పోయాక ఆ పదవి ఆడవాళ్ళకు రిజర్వు అయింది. అన్న కూతురు మధులతను నిలబెట్టి గెలిపించింది తనే. సంతకం ఆ పిల్లది, కుర్చీ తనది. అదీ అతని ఎత్తు.

ఆ పిల్లేమో ఆ జాగాలో ఆడపిల్లలకు హాస్టల్ కట్టాలంటుంది. క్వారీ కూలీల పిల్లలు అందులో ఉండి, పదో తరగతితో ఆగిపోకుండా డిగ్రీ దాకా చదవాలట.

"కర్నూలు కాలేజీలో నాయకత్వమని కూడా పాఠం చెప్పినారంట కదమ్మా. ఏం నేర్పినారు?" అని పొద్దున ఎగతాళి చేశాడు.

"సభకు పోకముందే, జనం ఎవరి మాట వింటారో కనుక్కోమన్నారు చిన్నాయనా."

"మీ నాయన మాట వింటాండ్రి. ఆయప్ప ఇప్పుడు లేడు. ఇంక నా మాటే!"

మధులత నవ్వింది.

ఓబుళేశు తలుపు తోశాడు.

నేల మీద ఫ్యాక్టరీల తెల్లదుమ్ము పిండి జల్లినట్టు పరుచుకుని ఉంది. అడుగుజాడ ఒక్కటీ లేదు. అవతల కిటికీ ముందు అన్న కూర్చునే కుర్చీ.

కుర్చీ మీద తువ్వాలు.

ఎర్రంచు. మూలన బీడీ కాలిన బొక్క. నరసింహ తువ్వాలే.

ఆ తువ్వాలు తెలియనివాళ్ళు కర్నూలు బస్సు దారిలో లేరు. బస్సు ఆగీ ఆగకముందే నరసింహ దాన్ని కిటికీలోంచి విసిరేవాడు. అది పడిన సీటు ఆయనది. బస్సు ఎంత కిక్కిరిసినా ఆ సీటును ఎవరూ ముట్టేవాళ్ళు కాదు.

ఓబుళేశు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ తువ్వాలును అన్న చితి మీద పరిచింది తనే. అది అంటుకుని, ముడుచుకుపోయి, బూడిద కావడం కళ్ళారా చూశాడు.

తాళంచెవి తన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. కిటికీ వైపు చూశాడు. రెక్కలు ఎప్పుడో ఊడిపోయాయి గానీ ఊచలు గట్టివి. పిల్లి కూడా దూరలేదు.

అప్పుడు తగిలింది వాసన. బీడీ వాసన.

"అన్నా?" అన్నాడు.

బయట మండుటెండ. ఆకు కదలడం లేదు. కుర్చీ చేతి మీద ఉన్న తువ్వాలు కొస మాత్రం మెల్లగా జారి, వేలాడింది.

జనం వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గడప దగ్గర ఆగిపోయారు. గుంపులోంచి గంగక్క చెంపలేసుకుంది.

"నరసింహప్ప సీటు పట్టుకున్యాడే! ఆయప్ప యాడికీ పోలేదు, ఈడే ఉండాడు."

మధులత లోపలికొచ్చి కుర్చీ పక్కన స్టూలు వేసుకుంది. తువ్వాలును చూడగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ కుర్చీ నీదేనంటాంటివి కదా చిన్నాయనా. కూర్చో."

"వద్దులేమ్మా. నాకు నిలబడుకుంటేనే బాగుండాది."

ఆమె జనం వైపు తిరిగింది. "నేను కర్నూలుకు చదువుకు పోతానంటే ఊరంతా వద్దనింది. నాయన ఒక్కడే బస్సులో నాకు సీటు పట్టిచ్చినాడు. మిగతా పిల్లోళ్ళకు ఎవరు పట్టిస్తారు? హాస్టల్ వద్దనేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ కుర్చీకి ఎదురుగా వచ్చి చెప్పండి."

ముందున్నవాళ్ళు కుర్చీకి దణ్ణం పెట్టారు. బీడీ వాసన మళ్ళీ ఒకసారి వచ్చి పోయింది.

"హాస్టలే రాసుకోమ్మా," అన్నాడు ఓబుళేశు. మొదటి సంతకం అతనే పెట్టాడు. జేబులోని తీర్మానం చెమటకు తడిసి ముద్దయింది. ఈనాటికీ ఆ ఆఫీసు ముందు నుంచి పోయేటప్పుడు, "పోయొస్తా అన్నా" అని చెప్పి మరీ కదులుతాడు.

హాస్టల్ గోడలు లేస్తున్నాయి, కావాలంటే వచ్చి చూసుకోండి. మంగలిని కూడా పిలిపించండి, నా మీసం సగం పోయినట్టే. ఎందుకంటే నేనాడిన అబద్ధం ఒకటుంది: నరసింహ తువ్వాలే అన్నాను, అది ఆయనది కాదు, నాది, మధులత అడిగిందని అప్పటికప్పుడు బీడీతో బొక్క పెట్టి, ఓబుళేశు తాళం తిప్పుతుండగా కిటికీ ఊచల్లోంచి విసిరాను.