నక్షత్రం పెట్టిన మాట

"సరయూ, ఇక్కడ టేపు కత్తిరించి అతికించినట్టుందే. ఏముండేదమ్మా?"

భాషాశాస్త్రవేత్త సుధాకరరావు అంకుల్ క్యాసెట్‌ను వెలుతురుకు పట్టి నన్నడిగారు.

అమెరికా ఆదివాసుల సూయన్ కుటుంబంలోని ఒక భాషను మాట్లాడిన ఆఖరి ముసలమ్మ గొంతు ఆ క్యాసెట్‌లో ఉంది. ఆమె పోయి పాతికేళ్లు. ఆ గొంతును కంప్యూటర్లోకి ఎక్కించే పని సింగపూర్‌లోని మా ఆఫీసుకు వచ్చింది. సౌండు సరిచూసుకోవడానికి నేను ఒకే ముక్కను నలభైసార్లు వెనక్కి తిప్పి విన్నాను. నలభై ఒకటోసారి ఆ పాత టేపు మిషన్లో చుట్టుకుని నలిగిపోయింది. భయంతో ఆ ముక్క కత్తిరించి పారేసి, మిగతాది అతికించాను.

డాట్‌కామ్ కంపెనీలు మూతపడుతున్న రోజులు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది, పాస్ పోతే సింగపూరే పోతుంది.

"వచ్చినప్పుడే అలా ఉందంకుల్."

ఆయన కోప్పడలేదు. "మంచును మీ భాషలో ఏమంటారని అడిగితే ఆవిడ చెప్పిన జవాబు అక్కడుండాలమ్మా. దాని చుట్టాల భాషల్లో శబ్దాలెలా మారాయో ఇరవయ్యేళ్లు పోల్చి చూసి, ఆ మాట ఇలా ఉండేదని ఊహించా. టేపుతో సరిచూసుకుందామనుకున్నా."

కాగితం మీద ఒక మాట రాసి, దాని ముందు నక్షత్రం గుర్తు పెట్టారు. "ఎవరూ వినని మాటకి ఇది పెడతాం. విన్నవాళ్లు ఒక్కరున్నా తీసేస్తాం."

తర్వాత ఆ మాటను నెమ్మదిగా పైకి చదివారు. "ఇలాగే అనుంటుంది కదమ్మా?"

ముసలమ్మ అలా అనలేదు. మొదటి శబ్దమే వేరు. అది నా నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేశాను.

"అలాగే అనుంటుందంకుల్."