కాగితాలు సరిగ్గా ఉన్న ప్రయాణికుడు

“ఈ ఇద్దరూ ఒక్కరేనని ఎక్కడుందమ్మా?” అంది బల్ల వెనక కూర్చున్న అమ్మాయి. చొక్కా మీది బిళ్ల ప్రకారం ఆమె పేరు బ్రియానా.

ఆ ఇద్దరిలో ఒకరు వెర్నా కుచేరా. జననపత్రంలో ఉంది. రెండోవారు వెర్నా స్టబుల్‌ఫీల్డ్. డ్రైవింగ్ లైసెన్సులో ఉంది. ఆ ఇద్దరినీ ఏళ్ల తరబడి ఒకే ఒంట్లో మోస్తూ వచ్చిన ముసలావిడ గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కే వరుసలో మొదట నిలబడి ఉంది.

“ఇక్కడుంది” అంటూ తన గుండెల మీద చెయ్యి వేసి చూపించింది.

“కాగితం కావాలమ్మా,” అంది బ్రియానా, చిరునవ్వు చెదరకుండా.

వెర్నా నియమాలు చదవకుండా వచ్చిన మనిషి కాదు. ఓడ మెక్సికో దాకా వెళ్లి, బయల్దేరిన రేవుకే తిరిగొస్తుంది. అలాంటి ప్రయాణానికి ఈ దేశపు పౌరులకు పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. జననపత్రమూ, ఫొటో ఉన్న గుర్తింపు కార్డూ చాలు. ఆ వాక్యాన్ని ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివింది. పెళ్లితో ఇంటిపేరు మారిన స్త్రీల కోసం దాని కింద చీమతలంత అక్షరాల్లో మరో వాక్యం ఉన్న సంగతి ఇప్పుడే తెలిసింది. పేరు మార్చుకొమ్మన్నది లోకం. మార్చుకున్నందుకు రుజువు చూపమంటున్నదీ ఆ లోకమే. మగవారికి ఈ బెడద లేదు.

రుజువు లేకపోలేదు. వెర్నా సంచిలోంచి పెళ్లిపత్రం తీసింది. బంగారు అంచు, రెండు తెల్ల పావురాలు, కింద పాస్టరు సంతకం.

బ్రియానా దాన్ని ముద్దుగా చూసింది. “ఎంత బాగుందో! కానీ ఇది చర్చివాళ్లు జ్ఞాపకంగా ఇచ్చేదమ్మా. కౌంటీ ఆఫీసు ముద్ర ఉన్నది కావాలి.”

“అది ఇంకో ఆఫీసులో ఉంది. నేను ఈ రాయిస్ భార్యనేనని వాళ్లకూ నమ్మకం కుదరలేదట. పోయిన నెల తీసుకున్నారు. ఇంకా పంపలేదు.”

“కౌంటీ నుంచి ఇంకో నకలు తెప్పించుకోవచ్చు.”

“ఇవాళ శనివారం కదమ్మా.”

“అవునమ్మా,” అంది బ్రియానా. అదీ చిరునవ్వుతోనే.

పక్కన నిలబడిన ఆడపడుచు నాడీన్ నిట్టూర్చింది. ఆమె చేతిలో నీలిరంగు పాస్‌పోర్టు విసనకర్రలా ఊగుతోంది. “పాస్‌పోర్టు తీయించుకోవే అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? నేను ప్యారిస్ వెళ్లినప్పుడే చెప్పాను.”

“ఏ ప్యారిస్ అక్కా? మన టెక్సస్‌లో ఉన్నదేనా?” అన్నాడు వెనకనున్న గళ్లచొక్కా ఆయన. వరుసంతా నవ్వింది.

వెర్నా నవ్వలేదు. ఈ ప్రయాణం రాయిస్ కోరిక. జన్మంతా తీరం పక్కన చమురు కర్మాగారంలో పనిచేసి, లోతు నీళ్ల ముఖం చూడని మనిషి ఆయన. మూడోనాటి ఉదయం, జనం లేవకముందే, ఓడ వెనకభాగాన తన పక్కన ఆవిడ ఒక్కతే ఉండాలని మాట తీసుకున్నాడు. ఆయన జీవితంలో ఆవిడను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

“పోనీ, ఈవిడ ఆయన తోడబుట్టిన అక్క. ఈవిడ చెబితే సరిపోదా?” అంది వెర్నా.

“నేను చెప్పనే,” అంది నాడీన్. “వాడు నిన్ను చేసుకున్నాడంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.”

“మనుషుల మాట మాకు చెల్లదమ్మా,” అంది బ్రియానా. తర్వాత రాయిస్ కాగితాలు ముందుకు లాక్కుంది. మొదటిసారి ఆమె చిరునవ్వు నిజమైంది. “ఈయనవి చూడండి! ముద్రలు, సంతకాలు, తేదీలు. ఒక్క అక్షరం తేడా లేదు. అందరూ ఇలా వస్తే మాకు పనే ఉండదు. ఈయనకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు.”

రాయిస్ నోరెత్తలేదు. ఇలాంటి గొడవల్లో తలదూర్చడం ఆయనకు ఏనాడూ అలవాటు లేదు.

“అయితే మేమిద్దరం ఇంకో వారం వెళ్తాం,” అంది వెర్నా.

“ఆయనకిచ్చిన అనుమతి ఈ ఓడకేనమ్మా. మళ్లీ అడిగితే ఇస్తారన్న హామీ లేదు. తోడు ఒకరుంటే చాలు. అక్కగారున్నారుగా?”

“పంపించమ్మా మొగుణ్ణి!” అన్నాడు గళ్లచొక్కా ఆయన. “ఓ వారం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.”

“ఇప్పటికే ప్రశాంతంగా ఉంది నాయనా,” అంది వెర్నా.

నాడీన్ గొంతు తగ్గించింది. “వాడి కోరిక నీ కాగితం కోసం ఆగాలటే? నువ్వే చెప్పు.”

ఓడ ఒకసారి కూసింది. వెనకవాళ్లు పెట్టెలు ముందుకు జరిపారు. చివరికి ఆవిడ రాయిస్ వైపు వంగి, “ఆయన్ని చలిగాలిలో ఎక్కువసేపు నిలబెట్టకు వదినా,” అంది నాడీన్‌తో. వెంటనే తాను అన్నదేమిటో తనకే తోచి పెదవి కొరుక్కుంది.

“తర్వాతివారు!” అని పిలిచింది బ్రియానా.

నాడీన్ పాస్‌పోర్టును పళ్ల మధ్య కరచుకుని, చక్రాల పెట్టెను ఒక చేత్తో లాగుతూ, తమ్ముడి చితాభస్మాన్ని రెండో చంకన పెట్టుకుని ఓడ ఎక్కింది.