మనిషి వాసన

వేట సీజను ఇంకా పది రోజులుందనగానే అర్వో లేహ్తో కాఫీ మానేశాడు. కాఫీ లేనిదే పూట గడవని ఫిన్లాండు నెత్తురున్న మనిషి దాన్ని మానేశాడంటే ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

కాఫీ ఒక్కటేనా! ఉల్లిపాయ మానేశాడు. దాంతో మాంసం, ఉల్లి కూరి కాల్చే, ప్రాణానికి ప్రాణమైన పేస్టీలూ పోయాయి. వాసన లేని సబ్బుతో రోజూ పెరట్లోని ఆవిరిగది సౌనాలో ఒళ్ళు తోముకునేవాడు. వేట బట్టలు విడిగా ఉతికి, మంచుగాలికి ఆరేసి, మూత బిగించిన డబ్బాలో పెట్టేవాడు. ఆ డబ్బా అడవి దాకా మోసుకెళ్ళి అక్కడ గజగజ వణుకుతూ బట్టలు మార్చుకునేవాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ.

ఇంత తతంగం ఎందుకంటే, అడవి అంచున నాలుగు గుంజల మీద నిలబెట్టిన, దుప్పుల కోసం పొంచి కూర్చునే ఆ చెక్క మాటుగదిలో తన ఒంటి వాసన పడకూడదని. దుప్పి ముక్కు సంగతి ఆ మిచిగన్ అడవుల్లో చంటిపిల్లకైనా తెలుసు. మనిషి వాసన ఏ కాస్త తగిలినా తోక లేపి మాయమవుతుంది.

గది కిటికీలకు రబ్బరు పట్టీలు తనే అంటించాడు. గ్యాసు వాసనని హీటరు కూడా పెట్టుకోడు. అయినా అతనికి నమ్మకం లేదు. ఎంత బిగించినా గాలి ఎక్కడో ఒకచోట దూరుతూనే ఉంది. ఈ పోరులో తను గెలిచేది లేదని అతనికి తెలుసు. ఆ దిగులు అతన్ని లోపల్లోపల తినేస్తోంది.

పెళ్ళాం ఎలీనా పోయి రెండేళ్ళయింది, ఒంటిగాడికి ఏదో ఒక వ్యాపకం ఉండాలి కదా అని ఊరు సరిపెట్టుకుంది. ఆమె తమ్ముడు రైనో మాత్రం సరిపెట్టుకోలేకపోయాడు.

రైనో మాటు బీడుకు అవతలి పక్కన ఉంది. సీజను రెండో రోజు పొద్దున్నే అతని కళ్ళముందే పది మొనల కొమ్ములున్న మగదుప్పి వచ్చి, అర్వో గదికి నలభై గజాల దూరంలో నిలబడింది. పావుగంట అక్కడే మేసింది. కిటికీ తెరుచుకోలేదు. తుపాకీ పేలలేదు. దుప్పి తీరిగ్గా తన దారిన తను పోయింది.

మధ్యాహ్నం ట్రక్కు దగ్గర రైనో నిలదీశాడు.

"నిద్రపోయావా బావా?"

"లేదు. చూశాను."

"చూసి?"

"కిటికీ తీస్తే వాసన పోతుంది."

రైనో తల కొట్టుకున్నాడు. "దుప్పి ఎదురుగా వచ్చి నిలబడ్డాక ఇంకా వాసనేమిటి బావా? నిరుడూ ఇదే వరస. ఫ్రీజరు ఖాళీగా పెట్టుకుని చలికాలమంతా ఏం తింటావు, ఆ రబ్బరు పట్టీలా?"

అర్వో నవ్వలేదు. ఆ ముఖం చూసేసరికి రైనోకు కోపం పోయి జాలేసింది. పైన్ ఆకులు పరుచుకో, సీసాల్లో అమ్మే దుప్పి మూత్రం చిలకరించుకో, మన వాసన కప్పేస్తుంది అని ఎన్నిసార్లో చెప్పి చూశాడు. అర్వో ఆ సీసాలను మెట్ల దరిదాపులకైనా రానివ్వలేదు. ఇద్దరు సుఖంగా కూర్చోగలిగే గదిలోకి మరో మనిషిని అడుగు పెట్టనివ్వడు. అక్క బతికుంటే బావను ఇలా వదిలేసేదా అనుకున్నాడు రైనో. బావ ఈ ఏడైనా ఒక్క దుప్పిని కొడితే మళ్ళీ మనుషుల్లో పడతాడని అతని ఆశ.

మర్నాడే వేటసామాన్ల కొట్టుకు వెళ్ళి ఓజోన్ మిషను కొన్నాడు. హోటలు గదుల్లో సిగరెట్టు కంపు వదిలించడానికి వాడతారే, ఆ బాపతుదే. బట్టల్లో ఇంకిపోయిన వాసనను కూడా ఊడ్చిపారేస్తుంది. అర్వో మంచు టైర్లు వేయించుకోవడానికి పట్నం వెళ్ళిన రోజు చూసి, సౌనా గోడకు వేలాడే తాళంచెవి తీసుకుని పని కానిచ్చాడు.

సాయంత్రం అర్వో ట్రక్కు దిగుతుండగానే ఎదురెళ్ళాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇక నీకు బెంగ లేదు బావా. నాలుగు గంటలు మిషను తిప్పాను. తలుపు తీసి చూస్తే వాన వెలిసినట్టుంది. ఆ గదిలో ఎప్పుడైనా మనిషి కూర్చున్నాడంటే వేటకుక్క కూడా నమ్మదు."

అర్వో చప్పున అడిగాడు.

"కుర్చీ మీద దుప్పటి?"

"దాని సంగతే చెప్పబోతున్నా. గదంతా అంత శుభ్రంగా పెట్టుకుని దాన్నెలా వదిలేశావు? మనిషి వాసనంతా అందులోనే ఉంది. విప్పి, మిషను ముందే పరిచాను. ఇప్పుడేమీ లేదు."

అర్వో ట్రక్కు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అరవాలనిపించింది. మెచ్చుకుంటాడేమోనని ఎదురుచూస్తున్న రైనోను చూసి ఆ అరుపు మింగేశాడు. ఏం పోగొట్టాడో తెలిస్తే అతనూ తట్టుకోలేడు.

"మంచి పని చేశావు రైనో," అన్నాడు.

ఒక్కడే అడవి దారి పట్టాడు. బట్టలు మార్చుకోలేదు. గ్యారేజీ ఆయిలు మరకల చొక్కాతోనే మెట్లెక్కి, తలుపు బార్లా తెరిచి, లోపలికి వెళ్ళాడు. కుర్చీ మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది.

దాన్ని ముఖానికి అదుముకుని గట్టిగా పీల్చాడు, మళ్ళీ పీల్చాడు, తన వాసన కలిసి చెడిపోకుండా రెండేళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన ఎలీనా వాసన అందులో లేదు.