గంప మొత్తం ఎంత?

“ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ,” అంటూ పృథ్వీరాజ్ పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టిన చోట్లన్నీ చూపించాడు. దేవి పెన్ను మూత తీసింది. పక్క కుర్చీలోంచి గున్నమ్మ చెయ్యి చాచి ఆ మూత మళ్ళీ పెట్టేసింది.

“గంప మొత్తం ఎంత బాబూ?” అంది.

పృథ్వీరాజ్‌కి అర్థం కాలేదు. శ్రీకాకుళంలోని ఆ ఫైనాన్స్ ఆఫీసులో ఇల్లు బాగుచేసుకునేవాళ్ళకి అప్పులిప్పించడం అతని పని. నెలాఖరు. ఈ ఒక్క ఫైలు పడితే టార్గెట్ పూర్తవుతుంది. అందుకే పొద్దున్నించీ మొహాన నవ్వు చెదరనివ్వడం లేదు.

దేవిది సముద్రం ఒడ్డు ఊరు. మొగుడు భాస్కర్ బోటు మీద వేటకెళ్తాడు. వానలు పడేలోగా రేకులు పీకించి స్లాబు వేయించాలని దేవి ఆశ. మూడు లక్షల అప్పుకి ఇంటి కాగితాలు తాకట్టు. అది తప్ప ఆ మొగుడూ పెళ్ళాలకి వేరే ఆస్తి లేదు.

గున్నమ్మ అదే వాడలో చేపలమ్ముకునే మనిషి. యాభై దాటాయి. రమ్మని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. పొద్దున బస్సులో దేవి పక్కన కూలబడి, తనూ వస్తున్నానంది, అంతే. వద్దనడానికి దేవికి మొహం చెల్లలేదు. అత్తాకోడళ్ళనుకుని పృథ్వీరాజ్ ఇద్దరికీ టీ తెప్పించాడు.

“నెలకి ఆరు వేల మూడు వందల ఐదు. అంటే రోజుకి రెండొందల పది రూపాయలు అత్తగారూ. రెండు చేపల డబ్బు,” అన్నాడు.

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. గున్నమ్మ కొంగు బిగించి ముందుకు జరిగింది.

“నువ్వు ముక్క దర సెప్తన్నావు. నాను గంప దర అడగతన్నాను. మా రేవులో గంప దర తేలందే ఎవులూ గంప మీద సెయ్యి ఎయ్యరు.”

దేవికి సిగ్గేసింది, ఒళ్ళూ మండింది. మేస్త్రీకి అడ్వాన్సు కూడా ఇచ్చేసింది మరి. ఊరుకోమని మోచేత్తో పొడిచింది. గున్నమ్మ ఊరుకునే రకమైతే ఆ బస్సే ఎక్కేది కాదు.

మొత్తం లెక్క రాసిన కాగితం సంతకాలయ్యాక ఇంటికొస్తుందని పృథ్వీరాజ్ సర్దిచెప్పబోయాడు.

“ముందే ఇవ్వాల. వడ్డీ, సార్జీలు అన్నీ కలిపిన కాగితం ఉంటాది. అది సదివినాకే సంతకం. నీకు తెలీకపోతే మీ మేనేజర్ని పిలు.”

ఆవిడ గొంతు పెంచలేదు. చేపల బజారు గొంతు కాబట్టి పెంచక్కర్లేకుండానే మేనేజరు గది దాకా వినబడింది. పృథ్వీరాజ్ గబగబా ఆ కాగితం ప్రింటు తీశాడు. ఒక్కొక్క అంకే పైకి చదవమంది గున్నమ్మ. దేవిని రాసుకోమంది.

ఫైలు ఖర్చు ఏడు వేల ఎనభై. బీమా పద్నాలుగున్నర వేలు. లాయరుకీ, ఇల్లు చూసి విలువ కట్టే మనిషికీ ఐదు వేల నాలుగొందల ఇరవై. ఇవన్నీ ముందే కోసుకుంటారు. మూడు లక్షలని సంతకం పెడితే చేతికొచ్చేది రెండు లక్షల డెబ్బై మూడు వేలు. బీమా తప్పనిసరా అని గున్నమ్మ అడిగితే, అతను ఫ్యాను వంక చూసి, కాదని ఒప్పుకున్నాడు.

కిస్తీలు ఎనభై నాలుగు. దేవి ఫోన్లో గుణించింది. నమ్మకం కుదరక మళ్ళీ గుణించింది. ఐదు లక్షల ఇరవై తొమ్మిది వేల ఆరొందల ఇరవై.

“సర్కారోళ్ళు సముద్రంలో ఏట ఆపేసిన రెండు నెల్లూ కిస్తీ ఆగుతాదా?” అంది గున్నమ్మ.

ఆగదు.

“మూడు కిస్తీలు కట్టకపోతే?”

“అంతదాకా రాదండీ.”

“వస్తే?”

నోటీసు పంపుతారనీ, ఆ తరవాత వేలమనీ అతను నసిగాడు. దేవి పెన్ను బల్ల మీద పెట్టేసింది. ఇల్లు పోవచ్చన్న సంగతి ఆమెకి మొదటిసారి తట్టింది.

పృథ్వీరాజ్ ఆఖరి ప్రయత్నం చేశాడు. వానలొస్తున్నాయన్నాడు. కోడలు తడుస్తుంటే చూస్తూ కూర్చుంటారా అని గున్నమ్మనే నిలదీశాడు.

“కారేది పొయ్యి మీద మూల ఒక్కటే,” అంది ఆవిడ. “ఉత్తరం దూలం సెదలు తినేసింది. దూలం మార్సి నాలుగు రేకులేస్తే ముప్పై ఏలు. స్లాబు రేపైనా ఏసుకోవచ్చు. ఆ ఇల్లు మాత్రం మీ ఆఫీసుకి దక్కనివ్వను.”

దేవి తల దించుకుంది. ముప్పై వేలైతే డ్వాక్రా సంఘంలో పుడుతుంది. ఇంటి కాగితాలు ఏరి సంచిలో పెట్టుకుని లేచింది. గున్నమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది.

టార్గెట్ పోయిన కుర్రాడికి నవ్వు మొహం ఇంకెందుకు? కోడలి ఇంటి మీద అత్తకింత పెత్తనమేమిటని దేవి మీద విసుక్కున్నాడు. ఆవిడ తన అత్త కాదని దేవి చెప్పింది. చుట్టమూ కాదంది. మరి ఎవరని అడిగాడు.

దేవికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

“ఈయమ్మ ఇల్లే మేం ఏలంలో కొన్నాం.”