ముందు గుమ్మం

“పక్క గుమ్మమైతే పార పట్టుకోనివ్వను,” అంది మిస్ ఇసిలిన్, నిప్పుల మీద సీమపనసకాయను తిప్పుతూ.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన హామిష్ గిలెస్పీ చెమట తుడుచుకున్నాడు. తమ వంశంలో జమైకా వెళ్ళి చనిపోయిన జాన్ గిలెస్పీ ఎముకలను సొంతూరికి తీసుకెళ్ళాలని ఆయన పట్టుదల. ప్రభుత్వం అనుమతిచ్చింది, పాస్టరు సరేనన్నాడు. కానీ సమాధి ఉన్నది ఇసిలిన్ వాళ్ళ ఉమ్మడి నేలలో. అక్కడ ఇంటికి పెద్దదైన ఆడమనిషి ఊఁ అంటేగాని గడ్డిపోచ కూడా కదలదు.

“మేడమ్, మా చర్చి ముందు గుమ్మం మా కుటుంబంలో పెళ్ళిళ్ళకీ చావులకీ మాత్రమే తెరుస్తారు. ఇదేమో ఎప్పటిదో చావు. పక్క గుమ్మంలోంచి తీసుకెళ్తే...”

“ఎప్పటిదైనా చావు చావే. ముందు గుమ్మం బార్లా తెరవాలి. గంట కొట్టాలి. అందరూ లేచి నిలబడాలి. మీ పెద్దల పక్కనే పడుకోబెట్టాలి. ఒప్పుకుంటే తవ్వుకో. లేదంటే కాయ తిని వెళ్ళు.”

సిగ్నల్ కోసం హామిష్ ఫోను పట్టుకుని రోడ్డెక్కాడు. మలుపులో ఊరి పేరున్న బోర్డు, ‘గిలెస్పీ’. ఎదురుగా గిలెస్పీ బడి, కింద గిలెస్పీ వాగు. రమ్ము కొట్టు ముందు డామినోలు ఆడుతున్నవాళ్ళంతా గిలెస్పీలే. చెరకు తోటల్లో బానిసలు పనిచేసిన కాలంలో జాన్ దొర తనదనుకున్న ప్రతిదానికీ ఆ పేరే తగిలించాడు, మనుషులతో సహా.

అంతలో లిన్వల్ గిలెస్పీ చిందులు తొక్కుతూ పెరట్లోకి వచ్చాడు. ఇసిలిన్‌కు తమ్ముడి వరస. తల్లి పోతే ఆమే పెంచింది.

“అక్కా, మతిగాని పోయిందా నీకు? ఆ దయ్యానికి గంటలు కొట్టించమన్నావట!”

“అన్నాను.”

“ఒక్కసారి తన బంగళా ముందు మెట్లెక్కిందని మన ఫీబా ముత్తవ్వని కొరడాతో కొట్టించాడు వాడు. మనమంతా ఆమె కడుపున పుట్టినవాళ్ళం. ఆ తల్లి సమాధి ఎక్కడుందో కూడా మనకి తెలీదు. నువ్వేమో వాడికి మర్యాదలు చేయిస్తున్నావు!”

“అరవకు. కాయ మాడుతుంది.”

“ఇక నీ చేతి ముద్ద ముట్టుకుంటే ఒట్టు.”

“ముట్టుకోకు. మిగిలింది పంది తింటుంది.”

అనడానికైతే అనేసింది ఇసిలిన్. ఏదో చెప్పబోయి, రమ్ము కొట్టు వైపు చూసి ఊరుకుంది. లిన్వల్ చెవిన పడ్డ మాట పొద్దు గుంకేలోపు ఆ కొట్టు చేరుతుంది.

అతను వెళ్ళిపోయాక తొక్కల బకెట్టు తీసుకుని పెరటి మూలనున్న పందుల దొడ్డి దగ్గరికి నడిచింది. “తీసుకో దొరా, కడుపునిండా తిను,” అని కుమ్మరించింది. పందిని దొరా అని పిలవడం ఆ ఇంట్లో ఆమె తల్లి కాలం నుంచీ ఉన్నదే.

హామిష్ తిరిగొచ్చాడు. “మా చర్చివాళ్ళు ఒప్పుకున్నారు మేడమ్. గుమ్మం, గంట, అన్నీ.”

“మాట తప్పితే?”

“నేను గిలెస్పీని.”

“నేనూ గిలెస్పీనే. అందుకే అడుగుతున్నా,” అంది ఇసిలిన్. హామిష్ చెయ్యి చాచి మాటిచ్చాడు.

మర్నాడు తవ్వారు. ముందుగా ఇసిలిన్ నేల మీద రమ్ము పోసి, మోకాళ్ళ మీద కూర్చుని, అడుగున ఉన్న మనిషితో గుసగుసగా అంది. “చాలాకాలం వానలో నానావు. ఇక లే. గుమ్మం తెరిపించాను.” ఆమె కళ్ళు తడవడం చూసి, కంచె అవతల నిలబడ్డ లిన్వల్ ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

“ఈ పేరు చెక్కిన రాయి మూల విరిగిందే?” అన్నాడు హామిష్.

“ఇక్కడి తుఫానులకి రాళ్ళు కూడా నడుస్తాయి నాయనా.”

బయటపడ్డ కాసిని ఎముకలను ఆయన భక్తిగా పెట్టెలో పేర్చాడు. “చిన్నగా ఉన్నాయి. మా ఇంట్లో ఉన్న బొమ్మలో మాత్రం ఆజానుబాహువులా ఉంటాడు.”

“బొమ్మ గీసినవాడికి జీతమిచ్చింది ఆయనేగా!”

హామిష్ పకపకా నవ్వాడు.

తర్వాత చాన్నాళ్ళు ఇసిలిన్ గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. చర్చిలో ఆమె పక్క బల్ల ఖాళీగా ఉండేది. ఆమె మాత్రం ఈకల టోపీ పెట్టుకుని అందరికన్నా ముందు వరసలోనే కూర్చునేది, అందరికన్నా గట్టిగా పాడేది.

ఒక ఆదివారం లిన్వల్ ఫోను మోగింది. ఇసిలిన్‌కు ఫోను లేదు కాబట్టి హామిష్ అతని నంబరు తీసుకుని వెళ్ళాడు. లిన్వల్ మొహం అటు తిప్పుకుని, ఫోనును ఆమె ముందు పట్టుకున్నాడు.

తెర మీద పెద్ద రాతి చర్చి. గంట మోగింది. ఓక్ తలుపులు రెండూ బార్లా తెరుచుకున్నాయి. నల్లకోట్ల వాళ్ళంతా లేచి తలలు వంచారు. వాళ్ళ మధ్య నుంచి పెట్టె మెల్లగా లోపలికి సాగింది.

“తృప్తేనా మేడమ్?” అన్నాడు హామిష్.

“సంతోషం నాయనా. మాట నిలబెట్టుకున్నావు,” అంది ఆమె.

ఫోను జేబులో పెట్టుకుంటూ లిన్వల్ పళ్ళు నూరాడు. “తీరిందా ముచ్చట? దొంగముండాకొడుకు వాళ్ళ పెద్దల పక్కన హాయిగా పడుకున్నాడు.”

ఇసిలిన్ బకెట్టు తీసుకుని దొడ్డి దగ్గరికి వెళ్ళింది. “తీసుకో దొరా,” అని కుమ్మరించింది. పంది అవతలి మూల నిద్రపోతోంది. ఆమె మాట్లాడింది నేలతో.

లిన్వల్ ఆ నేలను చూశాడు, కంచె పక్కన పడున్న విరిగిన రాయిని చూశాడు. “అక్కా... ఆ రాయి ఎవరు జరిపారు?”

“బానిసత్వం నుంచి విడుదల వచ్చిన రోజున మనవాళ్ళే.”

“అయితే ఆ పెట్టెలో...?”

ఇసిలిన్ చేతులు దులుపుకుని నిటారుగా నిలబడింది.

“ముందు గుమ్మంలోంచి వెళ్ళింది మన ఫీబా ముత్తవ్వ.”